నల్ల బట్టలు, రహస్య కోడ్‌లు, సైకిలు రేసులు

ఒక చిన్న క్విజ్‌తో మొదలుపెడదాం. ఒక దేశంలో మామూలు రోడ్ల మీద సైకిలు రేసులు దాదాపు యాభై, అరవై ఏళ్ళు ఆగిపోయాయి. రేసంటే అందరూ ఒకేసారి బయల్దేరి, గీత ముందు దాటినవాడు గెలిచేది. మరి ఎవరు ఆపేశారు? పార్లమెంటా? పోలీసులా? కోర్టులా?

ఎవరూ కాదు. సైకిలు తొక్కేవాళ్ళ సంఘమే ఆపేసింది. దేశం ఇంగ్లండు. కాలవంత సముద్రానికి అవతల ఫ్రాన్సులో 1903 నుంచి టూర్ ది ఫ్రాన్స్ జరుగుతుంటే, ఇవతల ఒడ్డున పోటీదారులు తెల్లవారుజామున నల్లబట్టలు వేసుకుని, దొంగతనానికి వెళ్తున్నట్టు రేసులకి వెళ్ళేవాళ్ళు. అతిశయోక్తి అనుకోకండి. నిజంగానే నల్ల బట్టలు, నిజంగానే రహస్య కోడ్‌లు.

ఈ గొడవంతా నాకెందుకంటే, నేనుండేది లండన్‌కి పడమటివైపు. హౌన్‌స్లో, ఫెల్తమ్, హేయిస్... ఆన్‌సైట్ వచ్చిన మనవాళ్ళకి పరిచయం చెయ్యక్కర్లేని పేర్లు. అక్కడికి దగ్గర్లోనే హిల్లింగ్డన్ సైకిల్ సర్క్యూట్ అని ఒకటుంది. పార్కులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు తారు రోడ్డు, చుట్టూ గడ్డి, పైన హీత్రోకి దిగే విమానాలు. కార్లు రావు. వేసవిలో వారం మధ్య సాయంత్రాలు అక్కడ రేసులు జరుగుతాయి. ఆఫీసు బ్యాగు పక్కన పడేసి నేనూ దిగుతుంటాను, నాలుగో కేటగిరీలో. అంటే అన్నిటికన్నా కింది మెట్టు. పన్నెండు పాయింట్లొస్తే మూడో కేటగిరీకి ప్రమోషన్. మన అప్రైజల్ కంటే వెయ్యి రెట్లు పారదర్శకం :)

రేసు సాధారణంగా నలభై నిమిషాలు, ఆపైన ఐదు చుట్లు. బయటినుంచి చూస్తే ఏమీ ఉండదు, నలభై యాభైమంది గుంపుగా గిరగిరా తిరుగుతుంటారు. లోపలుంటేనే తెలుస్తుంది. గంటకి నలభై కిలోమీటర్ల వేగంలో మీ ముందు చక్రానికీ ఎదుటివాడి వెనక చక్రానికీ మధ్య జానెడు దూరం. ఆ జానెడులోనే ఆటంతా ఉంది. ముందువాడు గాలిని చీలుస్తాడు, వెనకవాడు ఆ నీడలో దాక్కుంటాడు. పావు వంతు నుంచి మూడో వంతు దాకా శ్రమ మిగులుతుంది. అలా మిగిల్చుకున్నది చివరి మలుపు తర్వాత ఎవడు తెలివిగా ఖర్చు పెడతాడో వాడిదే రేసు. బలవంతుడు గెలవాలని రూలేం లేదు. ముందుండి అందర్నీ లాక్కొచ్చిన మహానుభావుడు పదిహేనోవాడిగా రావడం, చివరి చుట్టుదాకా ఎవరికీ కనపడని వాడు చేతులు పైకెత్తడం ప్రతి వారం చూస్తాం. మొదట్లో అన్యాయం అనిపిస్తుంది. తర్వాత్తర్వాత అదే రుచి.

మా నాన్నకి ఫోన్లో ఇదంతా వర్ణిస్తే శ్రద్ధగా విని, "అంత రోడ్డుండగా గానుగెద్దులా అక్కడక్కడే తిరగడమెందుకురా?" అన్నారు. సమాధానం వెతుక్కుంటూ పోతే ఈ చరిత్రంతా బయటపడింది.

కథ 1880లలో మొదలవుతుంది. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలు వచ్చింది. రెండు చక్రాలూ దాదాపు సమానం, వెనక చక్రానికి చెయిను. ఇప్పుడు మనం సైకిలు అంటున్నది దాన్నే. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఆ ఏడాదే ఇంకోటి కూడా జరిగింది, దీని గురించి తక్కువమంది చెప్తారు. ఇంగ్లండు పార్లమెంటు చేసిన ఒక చట్టంలో సైకిలు కూడా 'బండి'యే అని స్పష్టంగా రాశారు. అంటే రోడ్డు మీద గుర్రబ్బండికి ఎంత హక్కుందో సైకిలుకీ అంతే. కాకపోతే ఎవరినైనా దాటేటప్పుడు గంట కొట్టి తీరాలి. అప్పటిదాకా ఊరికో రకంగా ఉన్న రూళ్ళు పోయి దేశమంతా ఒకటే అయింది.

ఇది గెలుపు కదా, సంబరపడాలి కదా. కానీ చేతికి అప్పుడే వచ్చిన హక్కు అంటే భయం ఎక్కువుంటుంది. నేషనల్ సైక్లిస్ట్స్ యూనియన్ పెద్దల పరిస్థితి అదే. గుర్రాల మీద తిరిగే ఆసాములకి సైకిళ్ళంటే మంట. పల్లెటూరి దారుల్లో కోళ్ళని, కుక్కల్ని, పాదచారుల్ని బెదరగొట్టుకుంటూ పోయే కుర్రాళ్ళ మీద పోలీసు కేసులు. ఈ రేసుల పుణ్యమా అని మొత్తం సైకిళ్ళనే రోడ్డు మీంచి తోసేస్తారేమోనని పెద్దల గుండెల్లో గుబులు.

1894 జూలైలో ఆ గుబులుకి తగ్గ సంఘటనే జరిగింది. నార్త్ రోడ్ క్లబ్బు వాళ్ళ యాభై మైళ్ళ రేసులో కొందరు ఒక గుర్రాన్ని దాటబోయారు. గుర్రం బెదిరింది. గుర్రమూ సైకిళ్ళూ కలిసి గందరగోళం. ఆ గుర్రం తాలూకు ఆవిడ పోలీసులకి ఫిర్యాదు చేసింది. ఎవరి ప్రాణమూ పోలేదు. అయినా యూనియన్‌కి అది చాలు. రోడ్ల మీద రేసులు వద్దు, పోటీలన్నీ వెలోడ్రోమ్‌లోనే పెట్టుకోండి అంది. 1890లు పూర్తయ్యేసరికి నిషేధం బిగుసుకుపోయింది. ప్రభుత్వం నిషేధించలేదు, నిషేధిస్తుందేమో అని వీళ్ళే ముందుగా నిషేధించుకున్నారు. కత్తి పడక ముందే తల వంచడమంటే ఇదే.

ఆ రేసులో పాల్గొన్నవాళ్ళలో ఫ్రెడరిక్ థామస్ బిడ్లేక్ ఒకడు. మూడు చక్రాల సైకిలు మీద రికార్డులున్న మనిషి. రేసు మానెయ్యడం అతని వల్ల కాలేదు. యూనియన్‌ని ధిక్కరించడమూ ఇష్టం లేదు. అందుకని మనలో ప్రతివాడికీ బాగా తెలిసిన పని చేశాడు: వర్కరౌండ్. 1895 అక్టోబరులో యాభై మైళ్ళ పోటీ ఒకటి పెట్టారు. అందర్నీ కలిపి వదల్లేదు. ఒక్కొక్కణ్ణి ఒక్కో నిమిషం తేడాతో వదిలారు. ఎవడి దారి వాడిదే, ఎవడి గడియారం వాడిదే. మధ్యలో ఇంకొకడి వెనక దాక్కోవడానికి వీల్లేదు. చూసేవాడికి ఎవరో పెద్దమనిషి ఆదివారం పొద్దున్నే కాస్త తొందరగా చర్చికి పోతున్నట్టుంటుంది తప్ప రేసులా ఉండదు. అదే టైమ్ ట్రయల్.

దాని చుట్టూ పుట్టిన ఆచారాలు వింటే నవ్వొస్తుంది. పోటీదారు మెడ నుంచి మడమల దాకా నల్లబట్టల్లో ఉండాలి, ఎవరి కంటా పడకూడదు. పోటీ సమాచారం మీద 'ప్రైవేట్, కాన్ఫిడెన్షియల్' అని ముద్ర. రేసు ఎక్కడో పత్రికల్లో ముందుగా రాయకూడదు. ఊరి పేర్లు రాస్తే పోలీసులకి తెలుస్తుందని దారులకి కోడ్‌లు పెట్టారు. ఒక అక్షరం, పక్కన ఒక అంకె. ఆ జిల్లా క్లబ్బువాళ్ళకి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. ఎలాంటి నిఘా లేని రోజుల్లో ఇంత ఎన్‌క్రిప్షన్ ఎందుకో!

వెటకారం పక్కన పెడితే, ఈ వర్కరౌండ్ వల్ల ఒక గొప్ప ఆట పుట్టింది. గుమాస్తాలు, గని కార్మికులు, మిల్లు కార్మికులు ఆదివారం తెల్లవారకముందే లేచి, పోటీ దగ్గరికి సైకిలు మీదే వెళ్ళి, పోటీ తొక్కి, మళ్ళీ సైకిలు మీదే ఇంటికొచ్చేవాళ్ళు. అచ్చమైన అమెచ్యూర్ ఆట. దీనికి పరాకాష్ఠ బెరిల్ బర్టన్ అనే యార్క్‌షైర్ గృహిణి. రూబార్బ్ తోటలో కూలిపని చేసేది. 1967లో పన్నెండు గంటల టైమ్ ట్రయల్‌లో 277.25 మైళ్ళు తొక్కింది. అదే రోజు అదే దారిలో మగవాళ్ళ రికార్డు బద్దలుకొట్టబోతున్న మైక్ మెక్‌నమారాని వెనకనుంచి అందుకుని, దాటుతూ జేబులోంచి ఒక లికరిస్ బిళ్ళ తీసి అతనికిచ్చింది. ఆడవాళ్ళ రికార్డు మగవాళ్ళ రికార్డు కంటే పైన ఉండడం ఏ ఆటలోనైనా అరుదు. అది రెండేళ్ళు అలాగే నిలిచింది. ఆడవాళ్ళ రికార్డుగా చూస్తే, దాన్ని దాటడానికి 2017 దాకా పట్టింది, యాభై ఏళ్ళు! ఆ రూబార్బ్ తోట గురించి విడిగా రాయాలి, ఇక్కడ ఆపుతాను.

కానీ టైమ్ ట్రయల్‌లో లేనిది ఆ జానెడు దూరం. పక్కవాడి ఊపిరి వింటూ వాడు అలిసిపోయాడా, నటిస్తున్నాడా అని లెక్కలు వేసుకునే ఆట అందులో లేదు. ఫ్రాన్సు, బెల్జియం, ఇటలీల కుర్రాళ్ళు దాన్ని ప్రతి ఆదివారం ఊళ్ళలోనే నేర్చుకుంటుంటే ఇంగ్లీషు కుర్రాళ్ళు గడియారంతో ఒంటరిగా కుస్తీ పడుతున్నారు. ప్రపంచ పోటీలకి మనుషుల్ని పంపాల్సొస్తే మోటారు రేసుల ట్రాకులే గతి. బ్రూక్‌లాండ్స్, డోనింగ్టన్ లాంటి చోట్ల గుంపు రేసులు పెట్టేవారు. 1936లో ఐల్ ఆఫ్ మ్యాన్‌లో రోడ్డు మూసి ఒకటి పెట్టారు. ఆ ద్వీపానికి సొంత చట్టసభ ఉంది కాబట్టి. అదీ నేను తిరుగుతున్న గిరికి మూలం. రోడ్డు మనది కాదు, గేటు వేసిన చోట తిరుగు అనే ఏర్పాటు.

ఈ ఏర్పాటు ఒప్పుకోని మొండివాడు పెర్సీ స్టాలర్డ్. 1909లో పుట్టాడు, ఊరు వుల్వర్‌హాంప్టన్, ఇంట్లో సైకిలు షాపు. 1933, 34, 35లలో ప్రపంచ చాంపియన్‌షిప్‌లకి వెళ్ళాడు. 1934లో లైప్‌జిగ్‌లో ఏడో స్థానం. అక్కడి రోడ్డు రేసులు కళ్ళారా చూసి వచ్చినవాడికి ఇక్కడి నల్లబట్టలు ఎలా రుచిస్తాయి?

యుద్ధం వచ్చింది. పెట్రోలుకి రేషను. రోడ్లన్నీ ఖాళీ. 1941 చివర్లో స్టాలర్డ్ యూనియన్‌కి ఉత్తరం రాశాడు: ట్రాఫిక్కే లేదు కదా, ఇప్పుడైనా రేసు పెడదాం అని. కుదరదన్నారు. అయితే నేనే పెడతానన్నాడు. దారిలోని పోలీసు అధికారుల్ని అడిగాడు. వాళ్ళు అభ్యంతరం చెప్పలేదు! యాభై ఏళ్ళుగా ఎవరికి భయపడి దాక్కున్నారో ఆ పోలీసుల్ని నేరుగా అడిగితే సరేనన్నారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే. ప్రొడక్షన్‌లో ఎప్పుడో ఎవరో పెట్టిన 'ఇది ముట్టుకోవద్దు' అనే కామెంటు చూసి పదేళ్ళు ఎవరూ ఆ ఫంక్షన్ జోలికి పోకపోవడం మనకి తెలియంది కాదు.

1942 జూన్ 7. వేల్స్‌లోని లాంగోలెన్ నుంచి వుల్వర్‌హాంప్టన్‌కి 59 మైళ్ళు. స్థానిక పత్రిక 'ఎక్స్‌ప్రెస్ అండ్ స్టార్' అండగా నిలిచింది. మిగిలిన డబ్బు సైనికుల సహాయ నిధికి. నలభైమంది పేర్లిస్తే 34 మంది బయల్దేరారు, 15 మంది చివరిదాకా వచ్చారు. వుల్వర్‌హాంప్టన్ కుర్రాడు ఆల్బర్ట్ ప్రైస్ చివరి పరుగులో గెలిచాడు. గీత దగ్గర వెయ్యిమందికి పైగా జనం, వాళ్ళని సర్దుతూ పోలీసులు. ఆకాశం ఊడిపడలేదు.

ఊడిపడింది స్టాలర్డ్ నెత్తిన. యూనియన్ అతన్ని బహిష్కరించింది. రేసుకి సాయం చేసినవాళ్ళ మీదా, తొక్కినవాళ్ళ మీదా వేటు. దాంతో అదే ఏడాది నవంబరులో వీళ్ళంతా కలిసి బ్రిటిష్ లీగ్ ఆఫ్ రేసింగ్ సైక్లిస్ట్స్ పెట్టుకున్నారు. మన భాషలో చెప్పాలంటే ప్రాజెక్టు ఫోర్క్ అయింది. 1945 ఆగస్టులో, యుద్ధం ముగిసీ ముగియకముందే, బ్రైటన్ నుంచి గ్లాస్గోకి అయిదు అంచెల రేసు పెట్టారు. ఇప్పటి టూర్ ఆఫ్ బ్రిటన్ వంశవృక్షం అక్కడినుంచే మొదలు.

తర్వాత పదిహేనేళ్ళూ రెండు సంఘాల కొట్లాట. లీగ్ కుర్రాళ్ళు ఇటాలియన్ల లాగా రంగురంగుల జెర్సీలు, నల్లకళ్ళద్దాలు వేసుకుని తిరిగేవాళ్ళు. రోడ్డు మీద ఎదురైతే "అప్ ద లీగ్!" అని అరిచేవాళ్ళు. యూనియన్ సభ్యుడు లీగ్ రేసులో కనిపిస్తే సస్పెన్షన్. ఒకే ఊళ్ళో, ఒకే క్లబ్బులో చీలికలు. మనకి సినిమా హీరోల అభిమాన సంఘాల అనుభవం ఉంది కాబట్టి వివరించక్కర్లేదు.

ఇదే సమయంలో 1948 లండన్ ఒలింపిక్స్. సైక్లింగ్‌లో స్వతంత్ర భారతదేశపు జట్టు కూడా ఉంది. రోడ్డు రేసు ఎక్కడ పెట్టాలి? రిచ్‌మండ్ పార్కు అనుకున్నారు. తీరా చూస్తే పార్కులో గంటకి 20 మైళ్ళు దాటకూడదని రూలు! చివరికి రాజుగారి విండ్సర్ గ్రేట్ పార్కులో పెట్టారు. ఏడు మైళ్ళ దారి, 17 చుట్లు. ఫ్రాన్సు రైడర్ జోసే బేయార్ట్ గెలిచాడు. పేరుకి 'రోడ్డు రేసు', జరిగింది పార్కులో. ఒలింపిక్స్‌కి కూడా గిరే దిక్కయింది. (2012 లండన్ ఒలింపిక్స్‌లో రోడ్డు రేసు నగరం మధ్యలో మొదలై అదే రిచ్‌మండ్ పార్కు గుండా దూసుకుపోయింది.)

1955లో టూర్ ది ఫ్రాన్స్‌కి పదిమంది బ్రిటిష్ జట్టు వెళ్ళింది. ఇద్దరే పూర్తిచేశారు. బ్రయాన్ రాబిన్సన్ 29వ స్థానం, టోనీ హోర్ అందరికన్నా చివర 69. బ్రిటన్ వాళ్ళు ఆ రేసు పూర్తిచెయ్యడం అదే మొదలు. ఇద్దరూ హెర్క్యులిస్ కంపెనీ జట్టువాళ్ళు. అవును, ఆ హెర్క్యులిసే. మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్ తయారుచేస్తే మన తాతలూ నాన్నలూ కిరాణా సంచులు తగిలించుకుని తొక్కిన బండి. మూడేళ్ళ తర్వాత 1958లో రాబిన్సన్ బ్రెస్ట్‌లో ఒక అంచె గెలిచాడు.

ఇక 1959లో లీగ్, యూనియన్ కలిసిపోయి బ్రిటిష్ సైక్లింగ్ ఫెడరేషన్ అయ్యాయి. మరుసటి ఏడాది ప్రభుత్వం రోడ్డు రేసులకి నిబంధనలు రాసింది. పోలీసులకి 28 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పోటీదారుల సంఖ్యకి పరిమితి, ఇలాంటివి. అంటే యూనియన్ దశాబ్దాలపాటు నిద్రలో కూడా ఉలిక్కిపడిన ఆ ప్రభుత్వ జోక్యం తీరా వచ్చేసరికి, రేసుని చంపలేదు. ఫారం నింపమంది.

స్టాలర్డ్ గెలిచాడు కదా, సన్మానం చేసుంటారనుకుంటున్నారా? అతను పెట్టిన లీగే, తమని విమర్శిస్తున్నాడని అతన్ని మధ్యలోనే బయటికి పంపింది. 1959 విలీనాన్ని అతను ద్రోహం అనే అనేవాడు. 2001లో 92వ ఏట పోయేదాకా ఆ మాట మీదే ఉన్నాడు. ఇలాంటివాళ్ళతో టీములో పనిచెయ్యడం నరకం, ఒప్పుకుంటాను. కానీ సర్దుకుపోయేవాళ్ళంతా కలిసి అరవై ఏళ్ళలో చెయ్యలేని పని ఇతను ఆర్నెల్లలో చేశాడు. బిడ్లేక్‌ని తక్కువ చెయ్యడం లేదు. ఆట బతికి ఉండడానికి అతని పద్ధతీ కావాల్సొచ్చింది. అయినా నా ఓటు స్టాలర్డ్‌కే.

మరి గిరి సంగతి? రోడ్డు మీద హక్కు వచ్చాక సర్క్యూట్లు పోవాలి. పోలేదు, ఇంకా పెరిగాయి. కార్లు పెరిగాయి, రోడ్డు మీద రేసు నడపడం ఖరీదైపోయింది. మలుపు మలుపుకీ జెండా పట్టుకుని నిలబడే వాలంటీర్లు కావాలి. 1975లో తూర్పు లండన్‌లో ఈస్ట్‌వే అని మైలు పొడవు సర్క్యూట్ కట్టారు. రెండు తరాల అమెచ్యూర్లు రేసు నేర్చుకున్న చోటు. 2006లో దాన్ని మూసేశారు, ఎందుకో తెలుసా? ఒలింపిక్ పార్కు కోసం! ఆటల పండగ కోసం ఆట స్థలం తీసేశారన్నమాట. తొక్కేవాళ్ళు పట్టుబట్టి పోరాడితే 2008లో హాగ్ హిల్ వచ్చింది. ఒలింపిక్స్ అయ్యాక, 2014లో, పాత ఈస్ట్‌వే ఉన్న ప్రాంతంలోనే లీ వ్యాలీ వెలోపార్క్ సర్క్యూట్ తెరిచారు. ఇప్పుడు పరిస్థితి ఎలా ఉందంటే, రోడ్డు మీద అమెచ్యూర్ రేసులు తగ్గుతున్నాయి. 2023లో ఆడవాళ్ళ పెద్ద రేసు విమెన్స్ టూర్ కూడా డబ్బు చాలక రద్దయింది. నాలాంటి కొత్తవాళ్ళు అసలు రోడ్డు మీద గుంపు రేసు ఒక్కటీ చూడకుండానే ఏళ్ళు గడిపెయ్యొచ్చు. ఈసారి ఎవరూ నిషేధించలేదు కూడా.

నేను రోడ్డు రేసు ఇప్పటికి ఒకటే తొక్కాను, ఊరి బయట పొలాల మధ్య. సర్క్యూట్‌లో నేర్చుకున్నది సగం పనికిరాలేదు. రోడ్డు మీద గాలి దిశ మారుతుంది, మలుపు తర్వాత ఏముందో తెలీదు, ఎదురుగా ట్రాక్టరొస్తే గుంపంతా ఒకే వరసలోకి సన్నబడుతుంది. ఒక ఊళ్ళో ఒక పెద్దావిడ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, దాటిన ప్రతివాడికీ చప్పట్లు కొట్టింది. గుంపు నుంచి జారిపోయి ఒంటరిగా వస్తున్న నాక్కూడా. సర్క్యూట్‌లో దొరకనిది అదే. అక్కడ చూసేవాళ్ళంటే తర్వాతి రేసు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళే.

హైదరాబాదులో 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ తెరిచారు, పైన సోలార్ కప్పుతో. ఫొటోలు చూసి సంతోషం వేసింది. బిడ్లేక్ అయితే ఎగిరి గంతేసేవాడు, స్టాలర్డ్ అయితే 'బాగానే ఉంది, మరి రోడ్డు సంగతేంటి?' అని ఉండేవాడు. శని, ఆదివారాలు తెల్లవారుజామున ఊరి బయట రోడ్ల మీద గుంపులుగా తొక్కే మిత్రులకి నా ప్రశ్న: మీలో ఎవరైనా అక్కడ నిఖార్సయిన రోడ్డు రేసు పెట్టడానికి పోలీసుల్ని అడిగి చూశారా? ఏమన్నారు?

అన్నట్టు ఆ కోడ్‌లు ఇప్పటికీ ఉన్నాయి. హల్ ఊరి దగ్గర ఒక టైమ్ ట్రయల్ దారి పేరు వీ718. ఎవరి దగ్గరా దాచాల్సిన అవసరం లేదు, మ్యాపుతో సహా అందరికీ తెలుసు, పోలీసులకి నోటీసు కూడా వెళ్తుంది. అయినా పోటీల పట్టికలో ఊరి పేరు బదులు కోడే రాస్తారు. లెగసీ కోడ్, ఎవరూ తియ్యరు.